మోగితే నమ్మేలా ఉండాలి: విశాఖ వార్డులో మందుల హెచ్చరికల ప్రాజెక్టు డైరీ

జూన్, మొదటి వారం

డాక్టరు కంప్యూటర్లో మందు రాసి సేవ్ నొక్కినప్పటి నుంచి నర్సు ఆ మందు పేషెంటుకి ఇచ్చేదాకా మధ్యలో ఎక్కడ పొరపాటు దొర్లినా కంప్యూటరు పసిగట్టి చెప్పాలి. మేం తలపెట్టిన పని ఇదే. చోటు విశాఖలో ఒక ట్రస్టు ఆసుపత్రి. ముందు జనరల్ మెడిసిన్ వార్డు, ఆ తర్వాత పిల్లల వార్డు. పని చేసేది నలుగురం. సాఫ్ట్‌వేరు నాది. మందుల సంగతి ఫార్మ్.డి. చదివిన క్లినికల్ ఫార్మసిస్టు మేడం చూస్తారు. వార్డు తరఫున ఇన్‌ఛార్జి సిస్టర్ ఉన్నారు. మేం రాసిన ప్రతి రూలునీ చదివి సగం కొట్టేసేది సీనియర్ ఫిజీషియన్ సార్.

ఆలోచన కొత్తదేం కాదు. 1976లోనే ఇండియానాపొలిస్‌లో క్లెమ్ మెక్‌డొనాల్డ్ అనే డాక్టరు ఒక అధ్యయనం చేశారు. కంప్యూటరు గుర్తుచేస్తే డాక్టర్లు చేయాల్సిన పని ఎక్కువసార్లు చేశారు. గుర్తుచేయడం ఆపగానే మళ్లీ మొదటికి వచ్చారు. డాక్టర్లకి చదువు తక్కువై కాదు, ఒక మనిషి బుర్ర ఒకేసారి మోయగలిగిన దానికంటే సమాచారం ఎక్కువైపోయిందన్నది ఆయన వాదన. 1998లో బోస్టన్‌లోని బ్రిగమ్ అండ్ విమెన్స్ ఆసుపత్రిలో డేవిడ్ బేట్స్ బృందం ఇంకో ఫలితం ప్రకటించింది. మందులు కంప్యూటర్లో రాయించడం మొదలుపెట్టాక పేషెంటుదాకా చేరే తీవ్రమైన పొరపాట్లు 55 శాతం తగ్గాయి. ఈ రెండూ చూపించే యాజమాన్యం దగ్గర అనుమతి తీసుకున్నాం.

ఫిజీషియన్ సార్ మాత్రం మొదటి మీటింగుకే వేరే కాగితం తెచ్చారు. పిట్స్‌బర్గ్‌లో ఒక పిల్లల ఆసుపత్రి మీద 2005లో వచ్చిన అధ్యయనం అది. అక్కడ కంప్యూటర్లో మందులు రాసే పద్ధతి పెట్టాక, వేరే ఆసుపత్రుల నుంచి తరలించిన పిల్లల్లో మరణాల శాతం 2.80 నుంచి 6.57కి పెరిగింది. బిడ్డ వచ్చి రిజిస్టరు అయ్యేదాకా మందు రాయడానికి వీల్లేకుండా పోయింది. మంచం దగ్గర ఉండాల్సిన చేతులు కీబోర్డు దగ్గర ఉండిపోయాయి. ఇలాంటి ఏర్పాటుతోనే వేరే చోట మరణాలు పెరగలేదు కూడా. అంటే తేడా అంతా అమలు చేసిన తీరులో ఉంది. "ఏమ్మా, నీ ప్రోగ్రాం వల్ల నా డ్యూటీ డాక్టరుకి ఒక మందు రాయడానికి ఎంత టైము పెరుగుతుందో అది ముందు చెప్పు" అన్నారు సార్. ఆ ప్రశ్నని ప్రాజెక్టు ఫైలు మొదటి పేజీలో రాసుకున్నాను.

జూన్, రెండో వారం

ఇంకా ఒక్క లైను కోడు కూడా రాయలేదు. మందు వెంట నడుస్తున్నాం. సార్ రౌండ్స్‌లో నోటితో చెప్తారు, డ్యూటీ డాక్టరు కేస్‌షీట్‌లో రాస్తారు, తర్వాత తీరిక దొరికినప్పుడు కంప్యూటర్లో ఎక్కిస్తారు, సిస్టర్ ఇండెంట్ పెడుతుంది, ఫార్మసీ నుంచి ట్రే వస్తుంది, ట్రాలీ మీద సర్దుతారు, మంచం దగ్గరికి వెళ్తుంది. ఒక్క మందు ఇన్ని చేతులు మారుతుంది.

ఇందులో మాకు మొదట తగిలిన చిక్కు ఆ "తీరిక దొరికినప్పుడు" అన్నదే. పొద్దున్న రాసిన మందు మధ్యాహ్నం కంప్యూటర్లోకి ఎక్కితే, అప్పటికి మొదటి డోసు ఇచ్చేసి ఉంటారు. అప్పుడు హెచ్చరిక మోగినా లాభం లేదు. అందుకని రౌండ్స్‌తో పాటు తిరగడానికి చక్రాల స్టాండు మీద ఒక ల్యాప్‌టాప్ అడిగాం. యాజమాన్యం ఇచ్చింది. ఈ ప్రాజెక్టులో అన్నిటికంటే ఎక్కువ పనికొచ్చిన వస్తువు అదేనని నా నమ్మకం.

జూన్ చివర

ఆసుపత్రి సాఫ్ట్‌వేరులో బిల్లింగు, ల్యాబు, ఫార్మసీ స్టాకు అన్నీ కలిసి ఉన్నాయి. దాని లోపల మేం చెయ్యి పెట్టలేం. మందు సేవ్ చేసేటప్పుడు వివరాలు మాకు పంపి, మా జవాబు కోసం కాసేపు ఆగేలా ఒక దారి మాత్రం ఇచ్చారు. దాంతో రూల్స్ ఇంజన్, అంటే రూల్స్‌తో పోల్చి చూసే ప్రోగ్రాం, విడిగా పెట్టుకున్నాం. పైథాన్‌లో చిన్న సర్వీసు, పోస్ట్‌గ్రెస్ డేటాబేస్, అంతే. జవాబు ఆకారానికి సీడీఎస్ హుక్స్ అనే ప్రమాణాన్ని అనుసరించాం, డాక్టరుకి సలహా ఇచ్చే ప్రోగ్రాములు ఆసుపత్రి సాఫ్ట్‌వేరుతో మాట్లాడే పద్ధతి అది. అందులో హెచ్చరిక ఒక కార్డులా వస్తుంది. తీవ్రత మూడు రకాలు: సమాచారం, జాగ్రత్త, ప్రమాదం. రేపు ఆసుపత్రి సాఫ్ట్‌వేరు మారినా మా రూల్స్ పారేయక్కర్లేదు. మా సర్వీసు జవాబివ్వకపోతే మందు రాయడం ఆగిపోకూడదు. కాసేపు చూసి, "తనిఖీ జరగలేదు" అని తెరమీద చూపించి ముందుకు వెళ్లిపోతుంది. తనిఖీ జరగలేదన్న ఆ మాట కనిపించడం చాలా ముఖ్యం. ఏమీ మోగలేదు కాబట్టి అంతా బాగుందని ఎవరూ అనుకోకూడదు.

ఇక మందుల పట్టిక. అసలు బరువంతా ఇక్కడే ఉంది.

ఫార్మసీ స్టాకు జాబితాలో అన్నీ బ్రాండు పేర్లే. ఒకే మందుకి మన దగ్గర లెక్కలేనన్ని బ్రాండ్లు. మొదటి సగం ఒకేలా ఉండి, చివర ఒక అక్షరం తేడాతో లోపలి మందే మారిపోయేవీ ఉన్నాయి. పైగా రెండు మూడు మందులు కలిపిన మాత్రలు. పారాసెటమాల్ సంగతే చూడండి: జ్వరం మాత్రలో ఉంటుంది, ఎసిక్లోఫినాక్‌తో కలిపిన నొప్పుల మాత్రలో ఉంటుంది, ట్రమడాల్‌తో కలిపినదాంట్లో ఉంటుంది, జలుబు మాత్రలో ఉంటుంది, సెలైన్‌లా ఎక్కించే 100 మి.లీ. సీసాలో 1 గ్రాము ఉంటుంది. ఈ నాలుగైదు పేర్ల వెనక ఉన్నది ఒకటేనని కంప్యూటరుకి తెలియకపోతే, పెద్దవాళ్లకి రోజుకి 4 గ్రాముల పరిమితి దాటిందని అది ఎలా చెప్తుంది?

అమెరికా వాళ్ల ఆర్ఎక్స్‌నార్మ్ అనే మందుల పేర్ల పట్టికలో మన బ్రాండ్లు దొరకవు. ఏ మందుకి ఏ మందు పడదో చెప్పే ఒక ఉచిత ఏపీఐ (మన ప్రోగ్రాం నేరుగా అడిగితే జవాబిచ్చే సర్వీసు) అక్కడి నేషనల్ లైబ్రరీ ఆఫ్ మెడిసిన్ నడిపేది. పాత బ్లాగులు చదివి దాని మీద ఆధారపడదామనుకునేవాళ్లు ఉంటారు. అది 2024 జనవరిలో ఆగిపోయింది. మనకి పనికొచ్చేది స్నోమెడ్ సీటీ, వైద్యంలో వాడే పేర్లన్నిటికీ కోడ్లిచ్చే అంతర్జాతీయ పట్టిక. భారత్ 2014లో అందులో సభ్యదేశమైంది, మన దేశంలో వాడుకోవడానికి రుసుం లేదు, పుణేలోని సీడాక్ అనే ప్రభుత్వ కంప్యూటర్ సంస్థ దాన్ని చూస్తుంది. లోపలి మందుల పేర్లకి అక్కడి కోడ్లు తీసుకున్నాం. బ్రాండుని కోడుకి కలిపే పని మాత్రం మేడం ఒక్కో వరుసా స్ట్రిప్ చేతిలో పట్టుకుని చేశారు. స్టాకు జాబితాలో స్పెల్లింగు ఒకలా, స్ట్రిప్ మీద ఒకలా ఉన్నవి చాలానే దొరికాయి. ఈ పని కంప్యూటరుకి అప్పజెప్పొద్దని ఇలాంటి ప్రాజెక్టు చేసే ప్రతివాళ్లకీ చెప్తాను. ఇక్కడ ఒక వరుస తప్పితే పైన కట్టే రూల్సన్నీ ఆ తప్పు మీదే నిలబడతాయి.

జులై

మూగ మోడ్ మొదలైంది. రూల్స్ నడుస్తాయి, లాగ్‌లో రాసుకుంటాయి, తెరమీద మాత్రం ఏమీ చూపించవు. సాయంత్రం మేడమూ నేనూ లాగ్ తెరిచి, కేస్‌షీట్లు పక్కన పెట్టుకుని చూస్తాం. ఇది మోగి ఉంటే ఎవరికైనా ఉపయోగం ఉండేదా?

ఎక్కువవాటికి జవాబు లేదనే. గుండెకి స్టెంట్ వేసిన మనిషికి యాస్పిరిన్, క్లోపిడోగ్రెల్ కలిపే ఇస్తారు, కావాలనే ఇస్తారు. రక్తస్రావం ముప్పు అని కంప్యూటరు ప్రతిసారీ మోగుతుంది. గుండె బలహీనపడిన పేషెంటుకి టెల్మిసార్టాన్, స్పైరనోలాక్టోన్ కలిపి ఇస్తారు. అక్కడా పొటాషియం పెరుగుతుందని మోగుతుంది. డాక్టరుకి తెలియని విషయం ఇందులో ఏముంది? జగదాంబ సెంటర్లో హారన్ మోగితే ఎవరూ తల తిప్పరు. ఇదీ అలాగే అవుతుంది. 2006లో నెదర్లాండ్స్ పరిశోధకులు అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలన్నీ కలిపి చూస్తే, మందుల హెచ్చరికల్లో 49 నుంచి 96 శాతం దాకా డాక్టర్లు పక్కకి నెట్టేసి ముందుకి పోతున్నారని తేలింది. డాక్టర్లని నిందించడానికి ఈ లెక్క చెప్పడం లేదు. పనికిరాని హెచ్చరికని నెట్టేయడం సరైన పనే. ప్రమాదమంతా ఎక్కడంటే, అలా నెట్టేసే అలవాటుపడ్డ వేలు పనికొచ్చేదాన్ని కూడా నెట్టేస్తుంది.

ఈ పని మొత్తంలో నేను గట్టిగా నమ్ముతున్నది ఒకటే. హెచ్చరికలు చేర్చడం తేలిక. తీసేయడానికే కష్టపడాలి, ఒక్కో హెచ్చరిక తన చోటు తనే సంపాదించుకోవాలి.

2012లో అమెరికా నిపుణుల బృందం ఒకటి ఎక్కడైనా తప్పక హెచ్చరించాల్సిన మందుల జతలని 15కి కుదించింది. మరుసటి ఏడాది అదే బృందం, పనికి అడ్డం పడకుండా వదిలేయదగ్గ 33 జతల జాబితా కూడా ఇచ్చింది. రెండో జాబితాయే మాకు ఎక్కువ ధైర్యమిచ్చింది. తీసేయడానికి కూడా ఆధారం కావాలి కదా.

టెల్మిసార్టాన్, స్పైరనోలాక్టోన్ రూలుని సార్ పూర్తిగా కొట్టేయలేదు, మార్చారు. "జత చూసి మోగొద్దు, పొటాషియం చూసి మోగు" అన్నారు. ఇప్పుడది ల్యాబు ఫలితం 5.0 దాటితేనో, ఈ మధ్య పొటాషియం పరీక్షే చేయించకపోతేనో వస్తుంది. పరీక్ష చేయించలేదన్నప్పుడు కార్డులోనే "పొటాషియం పంపండి" అని బటన్ ఉంటుంది. నొక్కితే ల్యాబుకి ఆర్డరు వెళ్లిపోతుంది. తప్పు చూపించి ఊరుకోకుండా తర్వాత ఏం చేయాలో చేతికందిస్తే డాక్టర్లు వింటున్నారు.

వానలు పడ్డాక జ్వరాల కేసులు పెరిగాయి. ప్లేట్‌లెట్లు లక్ష లోపు ఉన్నవాళ్లకి డైక్లోఫినాక్ ఇంజెక్షన్ రాస్తే మోగే రూలు పెట్టాం. డెంగీలో ఆ ఇంజెక్షన్ రక్తస్రావానికి దారి తీయొచ్చు. ఒళ్లు నొప్పులని పేషెంటు తాలూకు మనుషులు ఒత్తిడి చేస్తారు, రాత్రి డ్యూటీలో ఉన్న కుర్ర డాక్టరు రాసేస్తాడు. ఈ రూలుని సార్ చూసీ చూడగానే ఒప్పుకున్నారు.

జులై చివర

పూర్తిగా ఆపేసే హెచ్చరికలు ఎన్ని ఉండాలన్న దాని మీద పెద్ద చర్చ నడిచింది. ప్రమాదం అంటే ఆపేయాల్సిందే అని నా వాదన. సార్ 2010లో అమెరికాలో ప్రచురించిన ఒక ట్రయల్ గురించి చెప్పారు. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే వార్ఫరిన్ వాడుతున్నవాళ్లకి కోట్రైమోక్సజోల్ అనే యాంటీబయాటిక్ రాయబోతే కంప్యూటరు దాదాపు పూర్తిగా అడ్డుకునేలా పెట్టారు. హెచ్చరిక బాగానే పనిచేసింది, అలా రాయడం బాగా తగ్గింది. కానీ నలుగురు పేషెంట్లకి నిజంగా అవసరమైన మందు ఆలస్యమైంది. దాంతో ట్రయల్‌ని గడువుకి ముందే ఆపేశారు.

అందుకని మా దగ్గర వార్ఫరిన్‌తో ఫ్లూకోనజోల్, మెట్రోనిడజోల్, కోట్రైమోక్సజోల్ రాస్తే కార్డు వస్తుంది, చివరి ఐఎన్‌ఆర్ (రక్తం ఎంత ఆలస్యంగా గడ్డకడుతోందో చెప్పే పరీక్ష) ఎంతో, ఏ తేదీదో చూపిస్తుంది, మళ్లీ ఎప్పుడు చేయించాలో అడుగుతుంది. డాక్టరు కారణం ఎంచుకుని ముందుకి వెళ్లొచ్చు. పూర్తిగా ఆపేసేవి చేతి వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని మిగిలాయి. కీళ్లవాతానికి ఇచ్చే మెథోట్రెక్సేట్ మాత్ర అందులో ఒకటి. అది వారానికి ఒక్కసారి వేసుకోవాల్సిన మందు, రోజూ వేసుకుంటే ప్రాణాల మీదకి వస్తుంది. మా తెరమీద ఆ మందుకి ఓడీ (రోజుకి ఒకసారి), బీడీ (రోజుకి రెండుసార్లు) అన్న ఎంపికలే కనిపించవు. వారంలో ఏ రోజో ఎంచుకుంటేనే సేవ్ అవుతుంది. ఇంకోటి, పెన్సిలిన్ పడదని రాసి ఉన్న మనిషికి అదే కుటుంబం మందులు. అమోక్సిక్లావ్ పెన్సిలిన్ జాతిదని అందరికీ గుర్తుంటుంది. పైపరాసిలిన్-టాజోబాక్టమ్ కూడా అదే జాతి అన్నది రాత్రి రెండింటికి గుర్తు రాకపోవచ్చు.

ఈ అలర్జీ రూలు మాకు ఇంకో పని తెచ్చిపెట్టింది. అలర్జీ గడి చాలావరకు ఖాళీగా ఉంటోంది. ఖాళీ అంటే అలర్జీ లేదనా, ఎవరూ అడగలేదనా? ఇప్పుడు ఆ గడికి మూడు జవాబులు పెట్టాం: ఉంది, లేదు, అడగలేదు. అడ్మిషన్ దగ్గర సిస్టర్లు అడిగే తీరు కూడా మారింది. "అలర్జీ ఉందా" అంటే చాలామంది లేదనే అంటారు. "ఏ మందు వేసుకుంటేనైనా దద్దుర్లొచ్చాయా, మూతి వాచిందా, ఇంజెక్షన్ చేస్తే కళ్లు తిరిగి పడిపోయారా" అని అడిగితే చెప్తారు. ఈ ప్రశ్నలు ఇన్‌ఛార్జి సిస్టర్ రాసిచ్చినవి.

ఆగస్టు

పిల్లల వార్డు. ఇక్కడ డోసంతా బరువు మీదే నడుస్తుంది.

పారాసెటమాల్ కిలోకి 15 మి.గ్రా. లెక్కన పది కిలోల బిడ్డకి 150 మి.గ్రా. సిరప్‌లు 5 మి.లీ.కి 125 మి.గ్రా. ఉన్నవీ ఉన్నాయి, 250 ఉన్నవీ ఉన్నాయి. చుక్కల మందులో ఒక్క మి.లీ.లోనే 100 మి.గ్రా. అదే 150 కోసం మొదటిదైతే 6 మి.లీ. పోయాలి, రెండోదైతే 3, చుక్కల మందైతే ఒకటిన్నర. చీటీలో "6 మి.లీ." అని మాత్రమే రాసి, ఇంట్లో చుక్కల మందు సీసా ఉంటే బిడ్డకి పడేది 600 మి.గ్రా. అందుకే మి.లీ. మాత్రమే రాస్తే మా ప్రోగ్రాం సేవ్ కానివ్వదు. మి.గ్రా.లో రాయాలి, ఏ సీసాయో ఎంచుకోవాలి, మి.లీ. ఎంతో అదే లెక్క కడుతుంది.

అంకె పక్కన ఉండే కొలత ఎంత ప్రమాదమో తెలియాలంటే 2013లో శాన్ ఫ్రాన్సిస్కోలో జరిగింది తెలుసుకోవాలి. పదహారేళ్ల కుర్రాడు, బరువు 38 కిలోల పైచిలుకు. కోట్రైమోక్సజోల్ మాత్ర ఒకటి, అంటే 160 మి.గ్రా. ఇవ్వాలన్నది డాక్టరు ఉద్దేశం. తెరమీద కొలత "కిలోకి మి.గ్రా." అని ఉండిపోయింది. 160ని బరువుతో గుణించి కంప్యూటరు 38½ మాత్రలు లెక్క కట్టింది. హెచ్చరిక డాక్టరుకీ వచ్చింది, ఫార్మసిస్టుకీ వచ్చింది. రోజూ వచ్చే హెచ్చరికల గుంపులో ఇద్దరూ దాన్ని దాటేశారు. రోబో మాత్రలు ప్యాక్ చేసింది. నర్సు బార్‌కోడ్ స్కాన్ చేస్తే ఆర్డరు ప్రకారం సరిగ్గానే ఉందని కంప్యూటరు చెప్పింది. ఆ కుర్రాడు మాత్రలన్నీ మింగాడు. ఫిట్స్ వచ్చాయి, అదృష్టవశాత్తూ బతికాడు. ఎక్కడా టెక్నాలజీ కొరత లేదు.

దీన్ని చదివాక మా తెరమీద రెండు మార్పులు చేశాం. డోసు కొట్టగానే కింద పెద్ద అక్షరాల్లో "ఒక్కసారికి మొత్తం ఇన్ని మాత్రలు" అని కనిపిస్తుంది. మి.గ్రా. చూసి కంగారుపడని మనిషి కూడా 38 మాత్రలు అంటే ఆగుతాడు. ఒక డోసుకి నాలుగు మాత్రలు దాటితే ఇంకో మనిషి చూడడం తప్పనిసరి. ప్రెడ్నిసొలోన్ లాంటి కొన్నిటికి మినహాయింపు ఉంది. రెండో మార్పు: పరిమితి దాటడం కొంచెమా, ఎన్నో రెట్లా అన్నదాన్ని బట్టి కార్డు రంగు, ఆకారం మారతాయి. రెండు శాతం దాటినదీ, ముప్పై రెట్లు దాటినదీ ఒకేలా కనిపించకూడదు.

బరువు గడి సంగతి. అంచనాగా వేసేవాళ్లు, అమ్మ చెప్పింది రాసేవాళ్లు, పోయిన అడ్మిషన్‌లోది దింపేసేవాళ్లు. ఇప్పుడు బరువు పక్కన తేదీ ఉండాలి, తూచిందా చెప్పిందా అన్నది ఉండాలి. వార్డు గుమ్మం దగ్గరే తూకం పెట్టించారు సిస్టర్. వయసుకి బరువు ఏమాత్రం పొంతన లేకపోతే ప్రోగ్రాం అడుగుతుంది. 7.5కి బదులు 75 పడడం ఇక్కడే ఆగిపోతోంది.

ఆగస్టు, తర్వాతి వారం

పేర్లు. ఇది మన ఉత్తరాంధ్ర సమస్య, ఏ విదేశీ రూల్స్ పట్టికలోనూ ఉండదు.

సింహాద్రి అప్పన్న పేరు మీద అప్పలరాజు, అప్పలనాయుడు, అప్పలనరసమ్మ. పైడితల్లి అమ్మవారి పేరు మీద పైడిరాజు, పైడమ్మ. అనకాపల్లి నూకాలమ్మ పేరు మీద నూకరాజు, నూకరత్నం. ఒకే వార్డులో ఒకే పేరువాళ్లు ఇద్దరు ముగ్గురు ఉండటం మామూలే. ఇంటిపేరు కంప్యూటర్లో ఒక్క అక్షరం. నర్సు "అప్పలరాజు గారూ" అంటే ఇద్దరు లేచి కూర్చుంటారు. అందుకే మా తెరమీద పేరు పక్కన ఊరు, వయసు, ఐపీ నంబరు పెద్దగా వస్తాయి. వార్డులో అదే పేరు ఇంకొకరికి ఉంటే పసుపు పట్టీ పడుతుంది. ఊరి పేరు పెట్టమన్నది ఇన్‌ఛార్జి సిస్టర్. "నంబరు ఎవులికి గుర్తుంటాదమ్మా, భీమిలి అప్పలరాజు, సబ్బవరం అప్పలరాజు అంటేనే మాకు తెలుస్తాది" అన్నారావిడ.

పుట్టిన పిల్లలకి ఇంకా కష్టం, పేరే ఉండదు కాబట్టి అందరూ "బేబీ ఆఫ్ లక్ష్మి"లే. న్యూయార్క్‌లో ఇలాంటి పేర్లకి బదులు తల్లి పేరు ముందు పెట్టి విడివిడిగా కనిపించే పేర్లు ఇచ్చి చూస్తే, ఒకరి ఆర్డరు ఇంకొకరికి పడడం 36 శాతం తగ్గిందని 2015లో రాశారు. మేం తల్లి పూర్తి పేరు, ఇంటిపేరు, బిడ్డ ఆడో మగో కలిపి పెట్టాం.

ఆ న్యూయార్క్ పరిశోధకుల దగ్గరే కొలిచే పద్ధతి కూడా ఒకటి దొరికింది. డాక్టరు ఒక పేషెంటుకి మందు రాసి, పది నిమిషాల్లోపు రద్దు చేసి, ఆ తర్వాత పది నిమిషాల్లో అదే మందు ఇంకో పేషెంటుకి రాస్తే, అది చాలావరకు మనిషి మారిన పొరపాటే అయి ఉంటుంది. ఎవరినీ ఫిర్యాదు చేయమని అడగక్కర్లేదు, లాగ్‌లోనే ఉంటుంది. పసుపు పట్టీ పనిచేస్తోందా లేదా అని దీంతోనే చూస్తున్నాం.

సెప్టెంబరు

మెడిసిన్ వార్డులో హెచ్చరికలు ఇప్పుడు తెరమీదకి వస్తున్నాయి.

కంప్యూటరుతో కాని పనులు రెండు గట్టిగా తెలిసొచ్చాయి. ఒకటి పొటాషియం క్లోరైడ్ ఆంప్యూల్. 15 శాతం, 10 మి.లీ. ఆంప్యూల్‌లో 20 మిల్లీ ఈక్వివలెంట్లు ఉంటాయి. నేరుగా నరంలోకి ఎక్కిస్తే గుండె ఆగిపోతుంది. రాసేటప్పుడు ఎంత పెద్ద హెచ్చరిక పెట్టినా, ట్రాలీ మీద నీళ్ల ఆంప్యూల్ పక్కనే అది ఉంటే చెయ్యి పొరబడొచ్చు. ఇక్కడ చేయాల్సింది దాన్ని వార్డు నుంచి తీసేయడం. ఇప్పుడు ఐసీయూలో తాళం వేసిన అరలో మాత్రమే ఉంటుంది. వార్డుకి కావాలంటే సెలైన్‌లో కలిపి, లేబుల్ అంటించి ఫార్మసీ పంపుతుంది. రూలు అలాగే ఉంచాం గానీ, కాపాడేది ఆ తాళం.

రెండోది ఇన్సులిన్. మన దగ్గర వయల్ ఇన్సులిన్ ఎక్కువగా మి.లీ.కి 40 యూనిట్లది, పెన్ను కార్ట్రిడ్జి 100 యూనిట్లది. 40 సిరంజికి ఎర్ర మూత, 100 సిరంజికి నారింజ మూత. కార్ట్రిడ్జిలోంచి ఎర్ర మూత సిరంజితో పది గీతల దాకా లాగితే పడేది 25 యూనిట్లు. మా ప్రోగ్రాం ఇన్సులిన్ రాసినప్పుడల్లా వయలా, పెన్నా అని అడుగుతుంది, నర్సు తెరమీద ఆ మూత రంగే చూపిస్తుంది. "యూ" అక్షరం సున్నాలా కనిపించి 10 కాస్తా 100 అవుతుంది కాబట్టి, ప్రింటయ్యే చార్టులో "యూనిట్లు" అని పూర్తిగా వస్తుంది.

ఏజెన్సీ నుంచి వచ్చే పేషెంట్ల కోసం ఒక రూలు చేర్చాం. పాడేరు, అరకు వైపు నుంచి మలేరియాతో వస్తారు. వైవాక్స్ రకానికి 14 రోజులు ప్రైమాక్విన్ ఇస్తారు. జీ6పీడీ ఎంజైమ్ లోపం ఉన్నవాళ్లలో ఆ మందుకి ఎర్ర రక్తకణాలు పగిలిపోతాయి, గిరిజన ప్రాంతాల్లో ఆ లోపం ఉన్నవాళ్లూ ఉంటారు. ప్రైమాక్విన్ రాయగానే, జీ6పీడీ ఫలితం లేకపోతే "పరీక్ష పంపండి" బటన్, దానితో పాటు మూత్రం నల్లగా వస్తే వెంటనే చెప్పమని పేషెంటుకి చెప్పాల్సిన మాటలు తెలుగులో వస్తాయి. గర్భిణులకి మాత్రం ఈ మందు పూర్తిగా ఆగిపోతుంది.

నర్సుల వైపు హెచ్చరికల మీద సిస్టర్ ఒక మాట అన్నారు, డిజైన్ మొత్తం దాంతోనే మారింది. "డాక్టరుగారు ఎందుకు దాటేసి రాసారో మాకూ కనిపించాల. నేకపోతే రేతిరి ఫోన్ చేసి అడగాలంటే కొత్త పిల్లలు జంకుతారమ్మా." నిజం. డాక్టరు కారణం ఎంచుకుని ముందుకి వెళ్తే ఆ కారణం ఇప్పుడు నర్సు చార్టులో మందు పక్కనే పడుతుంది. కారణం నచ్చకపోతే "ఇవ్వలేదు, అడిగాను" అన్న బటన్ ఉంది. అది నొక్కితే ఎవరూ సంజాయిషీ అడగరని మెడికల్ సూపరింటెండెంట్ సంతకంతో సర్క్యులర్ ఇప్పించుకున్నాం. నెట్టు పోయినా, తుఫాను రోజుల్లో కరెంటు పోయినా చార్టు కాగితం మీద ఉండాలని, ప్రతి షిఫ్టు మారేటప్పుడు ఒక ప్రింటు తీసి ఉంచుతున్నారు. హుద్‌హుద్ చూసిన ఊరికి దీని గురించి నచ్చజెప్పక్కర్లేదు.

సెప్టెంబరు 17 ప్రపంచ రోగి భద్రతా దినం. ఆ రోజు చిన్న మీటింగు పెట్టి, దాటేసిన హెచ్చరికలన్నీ పేర్లు తీసేసి డాక్టర్ల ముందు పెట్టాం. ఎవరిది తప్పు అన్న మాట రాకుండా, ఏ రూలు తప్పు అన్నదే మాట్లాడుకున్నాం. ఇంకొన్ని రూల్స్ అక్కడికక్కడే తీసేశాం.

అక్టోబరు

డిశ్చార్జి చీటీ పని మొదలైంది. వార్డులో ఎంత కాపలా కాసినా ఇంటికెళ్లాక పాత మందులూ కొత్త మందులూ కలిపి వేసుకుంటే ఏం లాభం? అడ్మిషన్‌కి ముందు వాడుతున్నవి, ఇప్పుడు ఆపినవి, కొత్తవి మూడు వరుసల్లో వస్తాయి. ఆపిన మందు బ్రాండు పేరు తప్పక ఉంటుంది, పేషెంటు ఇంట్లో స్ట్రిప్ మీద ఉండేది అదే కాబట్టి.

ప్రతి రూలుకీ ఒక యజమాని, ఒక సమీక్ష తేదీ పెట్టాలని సార్ పట్టుబట్టారు. ఆ తేదీ దాటిన రూలు దానంతట అదే మూగ మోడ్‌లోకి వెళ్లి, యజమానికి గుర్తుచేస్తుంది. పూర్తిగా ఆపేసే రూల్స్‌కి మాత్రం మినహాయింపు, అవి మనిషి తీసేస్తేనే పోతాయి. మొదట సమీక్షకి వస్తున్నది వార్ఫరిన్ రూలు. ఆలోపు ల్యాబు వాళ్లతో కూర్చోవాలి: ఐఎన్‌ఆర్ ఫలితం డేటాబేస్‌లో రెండు వేర్వేరు పేర్లతో పడుతోంది, ఒకటి వార్డు నుంచి పంపిన శాంపిల్‌కి, ఒకటి ఓపీ శాంపిల్‌కి. కార్డులో చూపించే "చివరి ఐఎన్‌ఆర్" రెండిటిలో ఏది కొత్తదైతే అది కావాలి.